‘అలవాట్లు: లేవు’ అని రాసిన కేస్‌షీట్‌ను అలాగే వదిలేయకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. జిల్లా ఆస్పత్రి సైకియాట్రీ వార్డులో పీజీ రెండో సంవత్సరం చేస్తున్నారు. అడ్మిషన్ కేస్‌షీట్‌లో ‘అలవాట్లు’ అనే గడి ఒకటి ఉంది, దాదాపు ప్రతిసారీ అందులో ‘లేవు’ అనే రాస్తున్నారు. పోయిన వారం సైకోసిస్ (లేనివి కనిపించి, వినిపించి, అనుమానాలు ముదిరే స్థితి) అని చేర్చుకున్న 40 ఏళ్ళ ఆయనకు మూడో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. ఇంట్లోవాళ్ళు మాత్రం ఇప్పటికీ ‘ఆయన మందు ముట్టడు’ అంటున్నారు. వార్డులో చేరే ప్రతివాళ్ళకీ మద్యం, మత్తు పదార్థాల గురించి స్క్రీనింగ్ చేయాలా, ఏ ప్రశ్నావళి వాడాలి, అందరికీ యూరిన్ టెస్ట్ చేయించాలా అన్నది మీ ప్రశ్న.

నేను సైకియాట్రీలోకి వచ్చి 24 ఏళ్ళయింది. ఎక్కువ కాలం ప్రభుత్వ వార్డుల్లోనే పనిచేశాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. అందరినీ అడగాలి. వయసు, ఆడా మగా, చదువు, కులం, వేసుకున్న బట్టలు చూసి ఎవరినీ వదలకూడదు. యూరిన్ టెస్ట్ మాత్రం అందరికీ అవసరం లేదు. ప్రశ్నావళి ఏదన్నది ఆ రెండిటి తర్వాతి సంగతి. అసలు ఇబ్బంది మన ప్రశ్నలోనే ఉంది. ‘మందు అలవాటు ఉందా?’ అని అడిగి, ‘లేదు’ అనగానే రాసేసుకుని ముందుకు వెళ్ళిపోతున్నాం. గడి ఖాళీగా ఉంటే తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు. ‘లేవు’ అని రాసి ఉంటే ఇక ఎవరూ అడగరు, మూడో రోజు రాత్రి డ్యూటీ డాక్టరు కూడా ఆ మాటే నమ్ముతాడు. అందుకే ఆ ఒక్క మాట ప్రాణం మీదికి తెస్తుంది.

నాకు ఇది తెలిసొచ్చింది పీజీ రోజుల్లోనే. నిజామాబాద్ వైపు నుంచి ఒకాయనను తీసుకొచ్చారు. ఎవరో తనను చంపడానికి వస్తున్నారని నాలుగు రోజులుగా నిద్ర లేదు. మందు తాగుతారా అని అడిగాను. భార్య, తమ్ముడు, ఆయన ముగ్గురూ లేదన్నారు. మొదటిసారి వచ్చిన సైకోసిస్ అని రాసి మందులు మొదలుపెట్టాం. మర్నాడు సాయంత్రానికి చేతులు వణకడం మొదలైంది. రాత్రికి ఫిట్స్, ఆ తర్వాత మంచం మీద పురుగులు పాకుతున్నాయని లేచి పరుగెత్తడం. నైట్ డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టర్ ఒకావిడ ఆయన భార్యను పక్కకు పిలిచి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, ‘కల్లు ఎన్ని సీసాలమ్మా?’ అని. ‘పొద్దున మూడు, మాపటికి నాలుగు’ అంది ఆవిడ, ఏ సంకోచమూ లేకుండా. ఆవిడ మాతో అబద్ధం చెప్పలేదు. మేం అడిగింది మందు గురించి. వాళ్ళ ఊళ్ళో మందు అంటే బ్రాందీ, విస్కీ. కల్లు మందు కాదు, అది అన్నం లాంటిది.

మన భాషలోనే ఒక చిక్కు ఉంది చూడండి. ‘మందు’ అంటే ఔషధమూ, మద్యమూ రెండూను. ‘ఏమైనా మందులు వాడుతున్నారా?’ అంటే బీపీ మాత్రలు చెబుతారు. ‘మందు ఉందా?’ అంటే సీసా మందు ఒక్కటే అనుకుంటారు. కల్లు, సారా, బీరు, నిద్రమాత్రలు, గంజాయి, ఖైనీ ఏవీ ఆ మాట కిందికి రావు. కాబట్టి పేరు పెట్టి అడగాలి. తెలంగాణ పల్లెల నుంచి వస్తే ఈత కల్లు, తాటి కల్లు, గుడుంబా. ఆదిలాబాద్ గూడేల నుంచి వస్తే ఇప్పసారా. ఆంధ్రలో నాటుసారా, తాటి కల్లు, రంపచోడవరం వైపు ఏజెన్సీలో జీలుగు కల్లు. బీరును చాలామంది కుర్రాళ్ళు మద్యం కింద లెక్కే వేయరు, కాబట్టి దాన్నీ విడిగా అడగాలి. విశాఖ, హైదరాబాద్ కాలేజీ పిల్లలను ‘గంజాయి తాగుతావా?’ అంటే బిగుసుకుపోతారు. ‘వీడ్, జాయింట్, హ్యాష్ ఆయిల్ లాంటివి మీ ఫ్రెండ్స్ ఎవరైనా వాడతారా?’ అని మొదలుపెడితే మాట కదులుతుంది. కూలి పనులకు వలస వచ్చినవాళ్ళను గంజాయి కలిపిన చాక్లెట్ల గురించి అడగండి. బళ్ళో పిల్లలనూ, రైల్వేస్టేషన్ల దగ్గర తిరిగే పిల్లలనూ వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చడం గురించి అడగండి.

కల్లు గురించి ఇంకొంచెం చెప్పాలి, మీ పేషెంట్ విషయంలో నా అనుమానం అటే ఉంది. చెట్టు మీద నుంచి దించిన కల్లులో ఆల్కహాల్ తక్కువే. తెలంగాణలో చాలా చోట్ల దుకాణాల్లో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమందులు కలుపుతారు. అంటే రోజూ ఏడు సీసాలు తాగేవాడు తనకు తెలియకుండానే రోజూ నిద్రమాత్రలు మింగుతున్నట్టే లెక్క. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ వాళ్ళు గట్టిగా పడ్డారు. మత్తు కలిపిన కల్లు దొరకడం తగ్గేసరికి నిజామాబాద్ లాంటి జిల్లాల్లో పెద్ద సంఖ్యలో జనం ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో, వింత ప్రవర్తనతో ఆస్పత్రులకు వచ్చారు. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. అంతకుముందు వాళ్ళలో ఎంతమందిని ఏదో ఒక ఓపీలో ఎవరైనా కల్లు గురించి అడిగి ఉంటారో ఊహించండి.

ఇప్పుడు మీ పేషెంట్ సంగతి. మద్యం ఆపినప్పుడు వచ్చే ఫిట్స్ మామూలుగా చివరిసారి తాగిన దగ్గర నుంచి 6 నుంచి 48 గంటల్లోపు వస్తాయి. డెలీరియం, అంటే తెలివి తప్పి పొంతన లేకుండా ప్రవర్తించడం, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మొదలవుతుంది. మీ పేషెంట్‌కు చేరిన మూడో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయంటే వట్టి మద్యానికి అది కాస్త ఆలస్యమే. డయాజిపామ్ లాంటివి ఒంట్లోంచి నెమ్మదిగా పోతాయి, వాటి విత్‌డ్రాయల్, అంటే ఆపినప్పుడు వచ్చే బాధ, కొన్ని రోజులు ఆగి, ఒక్కోసారి వారం దాటాక కూడా మొదలవుతుంది. అందుకే కల్లు, లేదా మందుల షాపులో చీటీ లేకుండా కొనే నిద్రమాత్రలు, ఈ రెండూ తప్పకుండా అడగండి. అలాగని మత్తు విత్‌డ్రాయలే అని తీర్మానించేసుకోకండి. షుగర్, సోడియం చూడాలి. తలకు దెబ్బ తగిలిందేమో, జ్వరం ఉందేమో చూడాలి. మనం సైకోసిస్‌కు ఇచ్చిన యాంటీసైకోటిక్ మందు కూడా ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, క్లోర్‌ప్రోమజైన్, క్లోజపైన్ ముఖ్యంగా.

సైకియాట్రీ వార్డులో ఇది ఎందుకింత అవసరమంటే, మన దగ్గరికి వచ్చేవాళ్ళలో మానసిక జబ్బూ, మత్తు అలవాటూ కలిసి ఉండడం అరుదు కాదు. అమెరికాలో పెద్ద ఎత్తున చేసిన ఒక అధ్యయనం ఫలితాలు 1990లో వచ్చాయి. అందులో స్కిజోఫ్రీనియా (చాలాకాలం ఉండే సైకోసిస్ జబ్బు) ఉన్నవాళ్ళలో 47 శాతం మందికీ, బైపోలార్ (అతి ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళలో 56 శాతం మందికీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యం లేదా మత్తు పదార్థాల సమస్య ఉన్నట్టు తేలింది. ఆ అంకెలను మన ఊరికి అలాగే తెచ్చి అతికించకూడదు, అక్కడి అలవాట్లు వేరు. మన దేశంలో 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యం తాగేవాళ్ళు సుమారు 16 కోట్లు, అందులో సాయం అవసరమైనవాళ్ళు 5.7 కోట్లు. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో లేవు. మన వార్డుల లెక్క మనమే రాసుకోవాలన్నమాట. మీ థీసిస్‌కు ఇంకా అంశం ఎంచుకోకపోతే ఇదే ఎంచుకోండి అంటాను.

ఎలా అడగాలో చెబుతాను, దీని మీద ఎక్కువసేపు ఉంటాను. మొదటి రోజే మొత్తం చరిత్ర రాబట్టాలని చూడకండి. ఉద్రేకంలో ఉన్న మనిషి, చెవిలో గొంతులు వినిపిస్తున్న మనిషి పది ప్రశ్నలకు ఏం జవాబిస్తాడు? మొదటి రోజు ప్రాణానికి సంబంధించిన నాలుగు సంగతులు తేలితే చాలు. చివరిసారి ఏది, ఎప్పుడు తీసుకున్నాడు. మానేసినప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, పిచ్చి పిచ్చిగా మాట్లాడాడా. నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటాడా. పొద్దున్నే చేతులు వణికి, ఒక గుక్క తాగితే సర్దుకుంటాయా. ఈ చివరి ప్రశ్నకు ‘అవును సార్, నరాల వీక్‌నెస్’ అని జవాబు వస్తుంది. ఆ వణుకుకు మనవాళ్ళు పెట్టుకున్న పేరు అది. నరాల వీక్‌నెస్‌కి అని ఆర్‌ఎంపీ దగ్గర బలం ఇంజెక్షన్లు వేయించుకుంటూ ఏళ్ళు గడిపినవాళ్ళను చూశాను.

మనిషి కొంచెం కుదుటపడ్డాక, మూడో రోజో ఐదో రోజో, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోండి. రౌండ్స్‌లో పదిమంది ముందు అడగొద్దు. నేను పొగాకుతో మొదలుపెడతాను. బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా చెప్పుకోవడానికి ఎవరూ పెద్దగా సిగ్గుపడరు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చే ముసలమ్మలు అడ్డపొగ (చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం) సంగతి నవ్వుతూ చెబుతారు. అక్కడి నుంచి కల్లు, బీరు, బ్రాందీ, ఆ తర్వాత మాత్రలు, చివర్లో గంజాయి. ఈ వరుసలో వెళితే ప్రతి మెట్టూ కిందటి దానికన్నా కొంచెమే ఎక్కువ, తలుపు మూసుకోదు. ‘తాగుతారా?’ అనకండి, ‘మామూలుగా ఎంత తాగుతారు?’ అనండి. తాగనివాళ్ళు ‘అస్సలు ముట్టను’ అని చెబుతారు, ఎవరూ నొచ్చుకోరు. ‘అప్పుడప్పుడు’ అన్న జవాబును అక్కడితో వదలకండి. ‘నిన్న? మొన్న? పోయిన ఆదివారం? జీతం వచ్చిన రోజు?’ అని రోజు రోజుకీ వెనక్కి వెళ్ళండి. వారంలో ఐదు రోజులు తాగేవాడు కూడా మనసులో దాన్ని అప్పుడప్పుడనే అనుకుంటాడు.

పరిమాణం సీసాల్లోనే అడిగి, లెక్క మీరు వేసుకోండి. 30 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అది ఒక యూనిట్. ఆ లెక్కన క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు, 6 యూనిట్లు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం ఉంటే దాదాపు 4 యూనిట్లు. ‘రెండు బీర్లే కదా’ అన్నవాడు క్వార్టర్ తాగినవాడి కన్నా ఎక్కువే తాగాడు. ఈ లెక్క హౌస్‌సర్జన్లకూ నేర్పండి, వార్డు బోర్డు మీద రాసి పెట్టండి.

ఆడవాళ్ళను అడగడం మనం మానేస్తాం. అడిగితే నొచ్చుకుంటారేమోనన్న భయం మనదే తప్ప వాళ్ళది కాదు. మర్యాదగా, భర్తా అత్తగారూ పక్కన లేనప్పుడు అడిగితే చెబుతారు. కల్లు, నిద్రమాత్రలు, తలనొప్పి మాత్రలు, జర్దా వాళ్ళ దగ్గర ఎక్కువ వినిపిస్తాయి. డిప్రెషన్ అని చేరిన ఒక టీచరమ్మ ఎనిమిదేళ్ళుగా ఆల్ప్రజోలామ్ వేసుకుంటోందని తెలియడానికి మాకు రెండు అడ్మిషన్లు పట్టింది. మొదటిసారి ఎవరూ అడగలేదు, అంతే. డిశ్చార్జ్ అయి వెళ్ళి మళ్ళీ ఆత్మహత్యా ప్రయత్నంతో తిరిగొచ్చింది. ఆ సంగతి నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంట్లోవాళ్ళ మాట వినండి, కానీ అది రెండు వైపులా ఒరుగుతుందని గుర్తుంచుకోండి. పెళ్ళి కావలసిన కుర్రాడైతే తల్లి ‘మావాడు అలాంటివాడు కాదు’ అంటుంది. పరువు సంగతి కాబట్టి ఆమెను తప్పుపట్టలేం. పెళ్ళయినవాడైతే భార్య ‘అంతా తాగుడు వల్లే సార్’ అంటుంది. ఆ రెండో మాట ఇంకా ప్రమాదం. తాగుడు మొదలవకముందే గొంతులు వినిపించడం మొదలై, ఆ గొంతుల బాధ తట్టుకోలేక తాగుతున్న మనిషిని ఐదారేళ్ళు తాగుబోతుగానే చూస్తారు. స్కిజోఫ్రీనియాకు చికిత్స అందదు. కాబట్టి ఏది ముందు మొదలైందన్న వరుసను భార్యతో ఒకసారి, తల్లితో ఒకసారి, పేషెంట్‌తో ఒకసారి వేరువేరుగా తీసుకోండి. తాగకుండా ఉన్న నెలల్లో, అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజుల్లో, జైల్లో ఉన్నప్పుడు, రంజాన్ ఉపవాసాల్లో మనిషి ఎలా ఉన్నాడని అడగండి. మాల వేసుకున్నన్నాళ్ళూ గొంతులు వినిపిస్తూనే ఉన్నాయంటే మీకు చాలా పెద్ద సమాచారం దొరికినట్టు. పుస్తకాల్లో మత్తు మానేసి నెల రోజులు చూడమంటారు, ఆ నెల చాలాసార్లు పేషెంట్ గతంలోనే ఉంటుంది.

ఇంకో ప్రశ్న కూడా ఇంట్లోవాళ్ళను విడిగా అడగండి, ‘తాగుడు మాన్పించడానికి అన్నంలో, కూరలో ఏమైనా కలుపుతున్నారా?’ అని. డైసల్ఫిరామ్ మాత్ర పొడి చేసి తెలియకుండా పెట్టేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. విసిగిపోయిన భార్యకు ఎవరో చెబుతారు, ఆమె చేస్తుంది. కానీ అది ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. అది సైకోసిస్‌నూ పెంచగలదు. ఆమెను మందలించకుండా ఈ సంగతి నిదానంగా వివరించండి.

ప్రశ్నావళుల విషయానికొస్తే, మద్యానికి నేను ఆడిట్ వాడతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించింది, 10 ప్రశ్నలు, 40 మార్కులు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే హాని జరిగేలా తాగుతున్నట్టు, 20 గానీ ఆపైన గానీ వస్తే బానిసత్వం ఉందేమో లోతుగా చూడాలి. కేజ్ నాలుగే ప్రశ్నలు కాబట్టి అందరికీ ఇష్టం. కానీ అది జీవితంలో ఎప్పుడైనా జరిగినదాన్ని అడుగుతుంది, ఇప్పుడు ఎంత తాగుతున్నాడో చెప్పదు. మత్తు పదార్థాలన్నిటికీ కలిపి అడగాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థదే అసిస్ట్ ఉంది. అందులో పొగాకు నుంచి నల్లమందు జాతి మందుల దాకా ఒక్కొక్కటీ పేరు పెట్టి అడుగుతారు, అదే దాని బలం. ఒక్క జాగ్రత్త. ఈ మార్కుల గీతలు ఎక్కువగా మామూలు ఓపీలకు వచ్చేవాళ్ళను చూసి గీసినవి. స్కిజోఫ్రీనియా ఉండి మందుల మీద ఉన్న మనిషికి వారానికి రెండు బీర్లు కూడా నిద్ర చెడగొట్టి, మాత్రలు మరిచిపోయేలా చేసి, మళ్ళీ వార్డుకు తీసుకురావచ్చు. ఆడిట్‌లో అతనికి 4 మార్కులే వస్తాయి. ఆ 4 చూసి ‘సమస్య లేదు’ అని రాయకండి. ప్రశ్నలను పేషెంట్ యాసలోకి మార్చి మీరే చదివి వినిపించండి, కాగితం చేతికిచ్చి నింపమనకండి.

యూరిన్ టెస్ట్ గురించి నా అభిప్రాయం గట్టిగానే ఉంది. మొదటిసారి సైకోసిస్ వచ్చిన యువకుడికి, స్పృహ తేడాగా ఉన్నవాళ్ళకు, చెప్పే చరిత్రకూ కనిపించేదానికీ పొంతన లేనప్పుడు చేయించండి. పేషెంట్‌కు చెప్పే చేయించండి. దొంగతనంగా చేయిస్తే ఆ తర్వాత అతను మీకు ఏ నిజమూ చెప్పడు. దాని హద్దులు కూడా తెలిసి ఉండాలి. గంజాయి రోజూ తాగినవాడి మూత్రంలో నెల దాటినా కనిపించవచ్చు, కాబట్టి పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇప్పటి సైకోసిస్‌కు అదే కారణమని చెప్పలేం. హెరాయిన్ రెండు మూడు రోజుల్లో మాయమవుతుంది. మన దగ్గర ఎక్కువగా దుర్వినియోగమయ్యే ట్రమడాల్ అనే నొప్పి మాత్రను, నల్లమందు జాతి మందులను పట్టే మామూలు ఓపియేట్ స్ట్రిప్ పట్టుకోదు. క్లోనజెపామ్ అనే నిద్రమాత్రను కూడా చాలా స్ట్రిప్‌లు సరిగ్గా పట్టుకోవు. ఇంకొకటి, క్యాజువాలిటీలో లొరాజెపామ్ ఇంజెక్షన్ ఇచ్చాక శాంపిల్ తీస్తే మీరిచ్చిన మందే పాజిటివ్ రావచ్చు. ముందు శాంపిల్, తర్వాత ఇంజెక్షన్. అది కుదరని పరిస్థితైతే ఇంజెక్షన్ ఇచ్చిన టైమ్ రిపోర్టు పక్కన రాసి పెట్టండి.

వీటికన్నా ముందు ఒంటిని చూడండి. చాచిన చేతుల వణుకు, చెమట, నాడి, బీపీ, కంటిపాప సైజు, చేతుల మీద సూది గుర్తులు, మూతి చుట్టూ పొక్కులు. రక్త పరీక్షల్లో కాలేయ ఎంజైములు చూడండి, జీజీటీ పెరిగిందా, ఏఎస్‌టీ ఏఎల్‌టీకి రెట్టింపు ఉందా. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ పెద్దదిగా ఉందా. ఎర్రకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి కాబట్టి ఎంసీవీ కిందటి మూడు నెలల కథ చెబుతుంది, నిన్న తాగిందీ లేనిదీ చెప్పదు. మద్యం అనుమానం ఉన్న ఎవరికైనా గ్లూకోజ్ బాటిల్ ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి. నీరసంగా ఉన్నాడని మొదట గ్లూకోజ్ పెట్టడం మన వార్డుల్లో చాలా పాత అలవాటు, అది జ్ఞాపకశక్తిని శాశ్వతంగా తీసేయగలదు. విత్‌డ్రాయల్‌లో కొట్టుకుంటున్న మనిషికి హాలోపెరిడాల్ అనే యాంటీసైకోటిక్ ఒక్కటే ఇచ్చి కట్టేయడం కూడా అంతే ప్రమాదం. అతనికి కావలసింది డయాజిపామ్ లేదా లొరాజెపామ్. కాలేయం దెబ్బతిని ఉంటే లొరాజెపామ్.

పొగాకును ఎవరూ పట్టించుకోరు, దాని గురించి ఒక మాట. బీడీ, సిగరెట్ పొగలోని పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును పెంచి క్లోజపైన్, ఒలాంజపైన్ త్వరగా కరిగిపోయేలా చేస్తాయి. వార్డులో బీడీలు ఇవ్వరు కాబట్టి అదే డోసుకు రక్తంలో మందు పెరుగుతుంది, క్లోజపైన్ అయితే సుమారు ఒకటిన్నర రెట్లు. మత్తుగా, చొంగ కారుస్తూ ఉంటాడు, ఫిట్స్ కూడా రావచ్చు. మనం డోసు తగ్గించి ఇంటికి పంపుతాం. బస్సు దిగగానే బీడీ వెలిగిస్తాడు, రెండు మూడు వారాల్లో మందు స్థాయి పడిపోయి జబ్బు తిరగబెడుతుంది. ‘మాత్రలు మింగడం లేదు’ అని ఇంట్లోవాళ్ళను మందలిస్తాం. పాపం, వాళ్ళు మింగిస్తూనే ఉన్నారు. రోజుకు ఎన్ని బీడీలో రాసుకుని ఉంటే ఇది ముందే తెలిసేది. ఇది పొగ వల్ల జరిగేది, నికోటిన్ వల్ల కాదు. ఖైనీ, గుట్కా, నికోటిన్ గమ్‌లతో ఇలా జరగదు.

‘నిజం చెబితే పోలీసులకు చెబుతారేమో’ అనే భయం గంజాయి వాడే పిల్లల్లో చాలా ఉంటుంది. ఆ భయం పోగొట్టకుండా స్క్రీనింగ్ అనే మాటకు అర్థం లేదు. వాళ్ళు చెప్పే వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం చెబుతోంది. మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం దృష్టిలో మానసిక అనారోగ్యమే. 1985 నాటి మత్తు పదార్థాల చట్టంలో కూడా, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే బాధితులకు రక్షణ కల్పించే 64ఏ సెక్షన్ ఉంది. ఇవన్నీ చట్టం భాషలో అప్పజెప్పక్కర్లేదు. ‘నువ్వు చెప్పేది నీ వైద్యం కోసమే, మీ నాన్నకి కూడా నిన్నడగకుండా చెప్పను’ అంటే చాలు. కానీ అన్నాక ఆ మాట మీద నిలబడాలి. యూరిన్ రిపోర్టును కారిడార్లో తండ్రి చేతిలో పెట్టిన జూనియర్‌ను చూశాను. ఆ కుర్రాడు మళ్ళీ మా ఓపీకి రాలేదు.

అడిగాక ‘అవును’ అన్నవాళ్ళను ఏం చేయాలన్నది తేల్చుకోకుండా స్క్రీనింగ్ మొదలుపెట్టకండి. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. సైకియాట్రీ వార్డు వాళ్ళు ‘ముందు తాగుడు మానిపించుకుని రండి’ అంటారు. డీఅడిక్షన్ సెంటర్ వాళ్ళు ‘ముందు మానసిక జబ్బు తగ్గించుకుని రండి’ అంటారు. ముసలి తల్లి కొడుకును వెంటేసుకుని ఈ రెండు గుమ్మాల మధ్యా తిరుగుతుంది. రెండు చికిత్సలూ ఒకే వార్డులో, ఒకే టీమ్ చేతుల మీదుగా, ఒకేసారి జరగాలి. వార్డులో ఉన్న రోజుల్లో మీరు కూర్చుని పది నిమిషాలు మాట్లాడినా పని జరుగుతుంది. మానేయమని ఉపన్యాసం ఇవ్వకండి. తాగినప్పుడు గొంతులు తగ్గుతాయా పెరుగుతాయా, మర్నాడు ఎలా ఉంటుంది, మాత్రలు వేసుకున్న వారానికీ మానేసిన వారానికీ తేడా ఏమిటి అని అడిగితే చాలాసార్లు కారణాలు తనే చెబుతాడు. డిశ్చార్జ్ రోజు మళ్ళీ ఒకసారి అడగండి, మొదటి రోజు లేదన్నవాళ్ళలో కొందరు ఆ రోజు చెబుతారు. ఇంటికెళ్ళాక మాట్లాడడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, మత్తు విడిపించుకోవడానికి సాయం కోసం 14446 చీటీ మీద రాసివ్వండి.

మీ కేస్‌షీట్‌లో ఆ గడి కొట్టేయించి మూడు గీతలు వేయించండి. ఏది, చివరిసారి ఎప్పుడు, ఎవరు చెప్పారు. జవాబు తెలియకపోతే ‘ఇంకా అడగాలి’ అని రాసి తేదీ వేయండి. ‘లేవు’ అని రాయాలంటే ఎవరిని, ఏయే పేర్లతో అడిగారో రాస్తేనే రాయాలని రూల్ పెట్టుకోండి. మీ ప్రొఫెసర్ గారు ఒప్పుకోకపోతే మీ యూనిట్‌లో నెల రోజులు మీరే ఒక తెల్లకాగితం మీద చేసి ఆయనకు చూపించండి.

ఆ 40 ఏళ్ళాయన ఇంకా వార్డులోనే ఉంటే రేపు రౌండ్స్‌కు ముందే వాళ్ళావిడను సిస్టర్ల గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించి అడగండి. మందు అనే మాట వాడకండి. రోజుకు కల్లు ఎన్ని సీసాలు, ఏ దుకాణంలో, చేరే ముందు ఎన్ని రోజుల నుంచి తాగలేదు, ఇంట్లో నిద్రమాత్రల అట్టలు ఎవరివి అని అడగండి. ఆవిడ కూడా తాగుతుందేమో అడగండి. భర్తతో పాటు ఆస్పత్రిలో ఉండిపోయి ఆవిడకు కూడా ఇన్ని రోజులుగా కల్లు లేకపోతే, ఫిట్స్ ఆవిడకూ రావచ్చు. ఆవిడ నాడి కూడా ఒకసారి చూడండి.